మూడు నెలల పూచీ

ఆగిరిపల్లి,
19 జనవరి 2025

చి. సింధూరకి,

తాతయ్య ఆశీస్సులు. అలవాటు కొద్దీ రాశాను. నీ ఉత్తరం చదివాక ఇవ్వాలని లేదు.

1976 ఫిబ్రవరిలో, మన మామిడి తోటలో పూత మీద మందు కొట్టిస్తున్న రోజున, మీ అమ్మమ్మ తమ్ముడు కోటేశ్వరరావు నా చెయ్యి పట్టుకున్నాడు. "తోట, మీ అమ్మ, మా అక్క, మూడూ మూడేళ్లు నా పూచీ బావా. నువ్వు నిశ్చింతగా వెళ్లిరా" అన్నాడు. నాకప్పుడు ఇరవై ఏడు. మాస్కోలో పుస్తకాలు వేసే సంస్థలో తెలుగు అనువాదకుడిగా మూడేళ్లకి ఉద్యోగం వచ్చింది. దానికోసం ఐదేళ్లు ఒంటరిగా కూర్చుని రష్యన్ నేర్చుకున్నాను. ఏప్రిల్‌లో, నేను రైలెక్కడానికి రెండు రోజుల ముందు, ఆ పెద్దమనిషి మన గుమ్మం దగ్గర నిలబడి, చెంబుడు నీళ్లు తాగి, "నా వల్ల కాదు బావా" అని చెప్పి సైకిలెక్కి రెడ్డిగూడెం వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పలేదు. కోతలు ముందున్నాయి. అమ్మ మంచంలో ఉంది. నేను వెళ్లలేదు. నూజివీడు గ్రంథాలయంలో ముప్పై మూడేళ్లు ఊళ్లోవాళ్లకి పుస్తకాలిచ్చి, వాటిమీద తేదీ ముద్రలు కొట్టి రిటైరయ్యాను. వాడితో ఇప్పటికీ మాట లేదు. పెళ్లిళ్లలో వాడు వడ్డిస్తే తిన్నాను. అంతే.

ఇది నీకు వందసార్లు చెప్పాను. నూట ఒకటోసారి ఎందుకంటే, పోయిన జూన్‌లో నువ్వూ మాటిచ్చావు. "వచ్చే ఏడు కోత కూడా నేనే చేయిస్తా తాతయ్యా" అన్నావు. ఆరేళ్లుగా నాకు రెండు చెవులూ వినపడవు. కోత ముఠా చెట్టెక్కి ఏం కేకలు వేసుకుంటుందో నాకు తెలియదు. మూడు వేసవులు నువ్వు కింద నిలబడబట్టి రసాలు నేల రాలకుండా లారీ ఎక్కాయి. ఇప్పుడేమో అమెరికాలో వినోదాల పార్కులో వేసవి ఉద్యోగమంటున్నావు. మనుషుల్ని కుర్చీలకి బిగించి తలకిందులు చేసే చోటట! ఇంటర్ దాకా నీకు నేను చదివి వినిపించిన పుస్తకాలన్నీ ఇందుకేనా?

అసలు ఉద్యోగం ఏమిటో, ఎవరు ఎంపిక చేస్తారో వివరంగా రాయి. ఫోన్ చేయకు. వినపడదని తెలిసీ మీ అమ్మ ఫోన్ చేసి అరుస్తుంది. ఈ కాగితం ఎప్పటిలాగే జిరాక్సు షాపు ప్రమీలారాణి ఫొటో తీసి నీకు పంపుతుంది. పంపేముందు చదువుతుందని నాకు తెలుసు. ప్రమీలారాణీ, చదివింది చాలు, పంపు.

తాతయ్య

*

విజయవాడ, హాస్టల్,
24 జనవరి

తాతయ్యకి నమస్కారాలు,

వివరంగానే రాస్తున్నాను. పార్కు ఒహాయోలో పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. వేసవిలోనే తెరుస్తారు. వాళ్ల పిల్లలు సరిపోక, అన్ని దేశాల కాలేజీల నుంచి మూడు నెలలకి తీసుకుంటారు. మా కాలేజీలో టూరిజం చదివేవాళ్లం పదకొండు మందిమి రాశాం. వీడియో ఇంటర్వ్యూ ఫిబ్రవరి ఆరున. ఎలాంటి ప్రశ్నలడుగుతారో సీనియర్లు చెప్పారు. "ఎండలో ఎనిమిది గంటలు నిలబడగలవా?" అని అడుగుతారట. ఒహాయో ఎండ గురించి ఆగిరిపల్లి పిల్లని! ఇంకోటి, "పెద్దవాళ్లెవరైనా నీ మాట వినకుండా కోప్పడితే ఏం చేస్తావు?" దీనికి నాకున్నంత అనుభవం ఆ పదకొండు మందిలో ఎవరికీ లేదు.

తాతయ్యా, నాకు ఇది కావాలి. డబ్బు కోసం కాదు, ఖర్చులకి పోను ఏమీ మిగలదట. నేను పుట్టి ఇరవై ఏళ్లయింది. ఎక్కడికి వెళ్లినా ఎవరి మనవరాలివి, ఎవరి అమ్మాయివి అని అడిగాకే నా పేరడుగుతారు. ఒక్క వేసవి ఎవరికీ ఏమీ కాకుండా పని చేసి చూడాలని ఉంది.

కానీ మాటిచ్చాను. అందుకే అడుగుతున్నాను. మీరు వద్దంటే ఆరో తారీఖున ఇంటర్వ్యూకి కూర్చోను. మిమ్మల్ని అడగకుండా తప్పుకుంటే నాకూ రెడ్డిగూడెం తాతయ్యకీ తేడా ఏంటి?

సింధూర

*

ఆగిరిపల్లి,
28 జనవరి

సింధూరకి,

వెళ్లు.

పై మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు నీ కృతఘ్నత మీద మూడు పేజీలు రాశాను. చాలా బాగా వచ్చాయి. మూడో రోజు చదువుకుంటే అందులో ఒక్క వాక్యం కూడా నీ గురించి లేదు, అన్నీ 1976 గురించే. పొయ్యిలో పెట్టాను.

కోత సంగతి నీకనవసరం. నువ్వు పుట్టకముందు కూడా చెట్లు కాసేవి.

ఒకటే షరతు. అక్కడినుంచి నిజం రాయి. బాగుంటే బాగుందను, లేకపోతే లేదను. రంగు బొమ్మ ముందు నిలబడి పళ్లికిలించిన ఫొటోలు పంపితే ప్రమీలారాణి గోడకి అంటిస్తుంది, నాకు పనికిరావు.

ఇంటర్వ్యూలో అడగని సంగతులు చెప్పకు. నీకా జబ్బుంది. మీ అమ్మమ్మకి లేదు, ఆవిడ అడిగినవి కూడా చెప్పేది కాదు.

తాతయ్య

*

ఒహాయో,
25 మే

తాతయ్యకి,

వచ్చి పది రోజులైంది. నిజమే రాస్తున్నాను, చాలా బాగుంది! నన్ను చెక్క రోలర్ కోస్టర్ మీద వేశారు. నలభై ఎనిమిది అంగుళాల కర్ర పెట్టి పిల్లల ఎత్తు కొలుస్తాను. బొటనవేళ్ల మీద నిలబడి మోసం చేసేవాళ్లని పట్టుకుంటాను. తర్వాత ఒక్కొక్క కుర్చీ దగ్గరికీ వెళ్లి ఒడి మీద అడ్డకమ్మి బిగిసిందో లేదో లాగి చూసి, బొటనవేలు పైకి చూపిస్తాను. అప్పుడు బండి కదులుతుంది. నేను వేలు చూపించకపోతే ఇరవై నాలుగు మంది అలా కూర్చుని ఉండాల్సిందే. మన ముఠా కూడా నా మాట ఇంత శ్రద్ధగా వినేది కాదు.

గదిలో నాతోపాటు ఏలూరు పిల్ల షాలోమి ఉంది. ఐస్‌క్రీం కొట్లో వేశారు. "నువ్వు మనుషుల్ని భయపెట్టు, నేను చల్లబరుస్తా" అంటుంది. మా సూపర్‌వైజర్ డయాన్ అరవై దాటిన మనిషి, నవ్వదు. "నీకు రాయడం వచ్చా? అయితే రూల్స్ బుక్ మొత్తం చేత్తో ఎత్తి రాసుకో" అంది మొదటి రోజే. మీకు నచ్చుతుంది.

కోత ఎవరు చేయిస్తున్నారు? రెండుసార్లు అడిగాను, మీరు వాతావరణం గురించి రాశారు.

సింధూర

*

ఆగిరిపల్లి,
30 మే

సింధూరకి,

ఆవిడ పద్ధతి నాకు నచ్చింది. గ్రంథాలయంలో నా కింద చేరిన కుర్రాళ్లచేత నేనూ కేటలాగు చేత్తో రాయించేవాణ్ణి. అందుకే ఒక్కడూ మిగల్లేదు.

కోత జరుగుతోంది. బంగినపల్లి అయిపోయింది, రసాలు నడుస్తున్నాయి. మొన్నటి గాలివానకి కొంత రాలింది. అది గాలి తప్పు. రాలినవి ఏరమంటే మేస్త్రీ యలమంద ఏదో అంటాడు, నాకు వినపడదు, వాడి నోటి కదలిక మాత్రం గౌరవంగా లేదు. ఇంతకంటే చెప్పడానికేం లేదు. ఎవరు చేయిస్తున్నారన్నది కాయలకే అక్కర్లేదు, నీకెందుకు?

తాతయ్య

(అమ్మాయ్, నేను ప్రమీలక్కని. ఆయన కాగితం ఇచ్చి వెళ్లిపోయారు, అందుకని కింద రాస్తున్నా. కోత చేయిస్తోంది మీ రెడ్డిగూడెం తాతగారమ్మా! మొదటి రోజు పొద్దున్నే ఎవరూ పిలవకుండా టీవీఎస్ మీద వచ్చి చెట్ల కింద నిలబడ్డారంట. మీ తాతయ్య తూర్పు చివర కుర్చీ వేసుక్కూర్చుంటే ఆయన పడమటి చివర. మాటల్లేవు. యలమంద అటూ ఇటూ తిరగలేక కాళ్లు వాచాయంటున్నాడు. "ఆ పెద్దమనిషిని ఎవరు రమ్మన్నారని అడుగు అంటాడీయన. ఎవరూ రమ్మన్లేదని చెప్పు అంటాడాయన. నేను మామిడికాయలు కొయ్యాలా, కబుర్లు మొయ్యాలా?" అని మా షాపులో కూర్చుని ఒకటే గోల. నేను చెప్పానని చెప్పకు.)

*

ఒహాయో,
11 జూన్

తాతయ్యకి,

నిజం రాయమన్నారు. ఇదిగో.

నన్ను రైడ్ మీంచి తీసేశారు. వారం నుంచి చీపురిచ్చి ఊడ్పిస్తున్నారు.

గాలికి జనం టోపీలు ఎగిరి పట్టాల కింద, కంచె లోపల పడతాయి. రాత్రి రైడ్ ఆపాక గానీ తీయకూడదు. ఆ రోజు ఐదేళ్ల పాప ఒకతె కంచె పట్టుకుని టోపీ కోసం వెక్కి వెక్కి ఏడుస్తోంది. టోపీ చూస్తే లోపల ఎనిమిదడుగుల దూరంలో గడ్డి మీదే ఉంది. నాకు ఒక్కటే తోచింది. రెండు చీపురు కర్రలు కలిపి కట్టాను. బంతులాట కొట్లో ఉన్న వల సంచి అడిగి తెచ్చి చివర బిగించాను. అచ్చం మన చిక్కం! కంచె పైనుంచి పెట్టి, కాయని దించినట్టు టోపీని సంచిలోకి లాగాను. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడే బండి ఆ మలుపులోకి దిగింది. నా కర్ర చివరికీ బండికీ జానెడు ఖాళీ. ఎవరో అత్యవసర మీట నొక్కారు. ఇరవై నాలుగు మంది గంటసేపు పట్టాల మీద వేలాడారు.

పంతొమ్మిదిన విచారణ. పంపించేస్తారని అందరూ అంటున్నారు. షాలోమి మాత్రం "ఏం కాదులేవే" అంటుంది, అది ప్రతిదానికీ అదే అంటుంది. తాతయ్యా, వాళ్లు గెంటితే వచ్చానని కాలేజీలో తెలియకూడదు. ఆలోపే నేనే వచ్చేస్తాను. మీరొక ఉత్తరం రాయండి చాలు. "నాకు ఒంట్లో బాగోలేదు, కోత ఆగిపోయింది, మనవరాల్ని పంపండి" అని. ఇంట్లో అవసరమంటే వాళ్లు గౌరవంగా పంపుతారట. మీరు రమ్మంటే వచ్చాననుకుంటాను. ఒక్క ఉత్తరం.

సింధూర

*

ఆగిరిపల్లి,
13 జూన్

సింధూరకి,

రాయను.

ముందు తిట్టవలసింది తిట్టనీ. యలమంద ముప్పై ఏళ్లుగా చిక్కం పడుతున్నాడు. కర్ర ఎత్తేముందు ప్రతిసారీ తలెత్తి పైన కరెంటు తీగ ఎక్కడుందో చూస్తాడు, ఆ తర్వాతే కాయ వంక చూస్తాడు. తూర్పు వరసలో తీగలు లేని చోట కూడా చూస్తాడు. మూడేళ్లు వాడి పక్కన నిలబడి నువ్వు నేర్చుకున్నది సంచి కట్టడమా? నీకు టోపీ కనపడింది. బండి కనపడలేదు. జానెడు తక్కువైతే ఆ కర్ర కుర్చీలో ఉన్న ఎవరి మొహంలోకి పోయేదో ఆలోచించావా? చీపురిచ్చి ఊరుకున్నారు, మంచివాళ్లు. నేనైతే అదీ ఇవ్వను. పాప ఏడ్చిందట! పిల్లలు ఏడుస్తారు, అది వాళ్ల పని.

ఇప్పుడు రెండో సంగతి. ప్రమీలారాణి నీకేం చేరవేసిందో నాకు తెలుసు. దాని మొహం చూస్తే తెలిసిపోయింది. అవును, కోటేశ్వరరావు వస్తున్నాడు. నేను పిలవలేదు. నువ్వు మూడు నెలలు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పిందట, "ఈ మూడు నెలలూ నా పూచీ" అన్నాట్ట. వాడికి ఆ మాట అనడమంటే సరదా.

నీ ఉత్తరం రెండు కాపీలు తీసింది ఆ మహాతల్లి. ఒకటి నాకు, ఒకటి వాడికి. నేను తూర్పున చదువుకుంటున్నాను. వాడు పడమట చదివి, కాయల గ్రేడింగు మధ్యలో వదిలేసి, తోటంతా దాటి వచ్చి నా ఎదురుగా ఖాళీ ట్రే బోర్లించుకుని కూర్చున్నాడు. నలభై తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. "నాకు వినపడదు" అన్నాను. మర్చిపోయాడు పాపం. యలమంద దగ్గర మార్కర్ పెన్ను లాక్కుని, ట్రేలో పరిచే పాత పేపరు మీద రాసిచ్చాడు. ఆ కాగితం నా ముందుంది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"బావా, ఆ పిల్లని రమ్మని రాయొద్దు. అక్క నన్ను అప్పుడు ఇదే అడిగింది. తనకి రెండో నెల. నువ్వు వెళ్తే మళ్లీ రావని భయం. పూచీ నుంచి తప్పుకోరా, ఆయన ఆగిపోతారు అని ఏడ్చింది. నేనడిగానని బావకి ఎప్పటికీ చెప్పకు అని తల మీద చెయ్యి పెట్టించుకుంది. తప్పుకున్నాను. చెప్పలేదు."

మూడుసార్లు చదివాను. తర్వాత నేనేమన్నానో ఇక్కడ రాయను. చెట్ల మీద ఉన్న ముఠా అంతా దిగి వచ్చారని మాత్రం చెబుతాను. వాడు లేచి మళ్లీ పడమటికి వెళ్లి గ్రేడింగు పూర్తి చేశాడు.

నువ్వడిగింది అదే ఉత్తరం సింధూరా. నేను రాస్తే నువ్వు వచ్చేస్తావు. వచ్చాక ఎప్పుడో ఒకప్పుడు, పెళ్లిలోనో, వంటింట్లోనో, "తాతయ్య రమ్మన్నాడు, లేకపోతే నేను ఉండేదాన్ని" అంటావు. మొదటిసారి అబద్ధమని తెలిసే అంటావు. పదోసారికి నమ్ముతావు. ఆ పని ఎలా సాగుతుందో నాకు బాగా తెలుసు, నాకు రష్యన్ కంటే బాగా వచ్చిన విద్య అది. నా ఆరోగ్యం దివ్యంగా ఉంది. కోత సాగుతోంది. ఈ రెండూ నిజాలు, కావాలంటే ఇంగ్లీషులో రాసి వాళ్లకే పంపుతాను.

పంతొమ్మిదిన వెళ్లి నిలబడు. పైకి చూడలేదు, తప్పు నాదే అని చెప్పు. పంపించేస్తే రా. గెంటితే వచ్చానని కాలేజీ అంతా చెప్పుకో. అంతేగానీ నన్ను అడ్డం పెట్టుకుని రాకు.

తాతయ్య

*

ఒహాయో,
20 జూన్

తాతయ్యకి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ మీద కోపంతో ఊడ్చాను. డయాన్ నేను ఊడ్చే దారి ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదంది.

నిన్న విచారణ అయింది. బల్ల వెనక డయాన్, ఇంకో ఇద్దరు. నేను ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ రాసుకెళ్లాను, పాప ఎంత ఏడ్చిందో, మా ఊళ్లో చిక్కం అంటే ఏమిటో అన్నీ. కాగితం తీయబోతుంటే డయాన్ అడిగింది, "కర్ర ఎత్తినప్పుడు నువ్వు ఎటు చూస్తున్నావు?" అని. "టోపీ వైపు" అన్నాను. కాగితం మళ్లీ జేబులో పెట్టేశాను. "పైకి చూడలేదు. తప్పు నాది" అన్నాను. అరగంట బయట కూర్చోబెట్టారు. ఆ అరగంటలో నేను విజయవాడ టికెట్టు, అమ్మ మొహం, హాస్టల్ మెట్లు అన్నీ చూసేశాను.

ఉండమన్నారు. రైడ్ల దగ్గరికి మాత్రం ఇక రానివ్వరు. ఆగస్టు పది దాకా ఊడవడమే. ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్లిపోవచ్చు, కాగితాల్లో మచ్చ ఉండదన్నారు. తాతయ్యా, అంటే నాకు కావలసిన దారి వాళ్లే తెరిచిపెట్టారు, మీ ఉత్తరం కూడా అక్కర్లేకుండా! ఉంటానన్నాను. ఎందుకన్నానో బయటికొచ్చాక కూడా తెలియలేదు. షాలోమి నన్ను చూసి "పిచ్చిదానా, పాప్‌కార్న్ ఊడవడానికి నేను ఏలూరు నుంచి రాలేదు, నువ్వు ఆగిరిపల్లి నుంచి వచ్చావు" అని నవ్వి, ఐస్‌క్రీం తెచ్చిపెట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. బాగుందని రాయను. కానీ రేపు కూడా వెళ్తాను.

ఒకటి అడగాలని ఉంది. అమ్మమ్మ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు తెలిసింది కదా. అమ్మమ్మ మీద కోపంగా ఉందా?

సింధూర

*

ఆగిరిపల్లి,
27 జూన్

సింధూరకి,

బొబ్బలకి కొబ్బరినూనె రాయి. చిదపకు.

కోత నిన్నటితో అయిపోయింది. ఆఖరి లారీ వెళ్లాక యలమంద ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వచ్చి దండం పెట్టి, వచ్చే ఏడు మీ ఇద్దరూ మాట్లాడుకుంటేనే వస్తానని ప్రమీలారాణి చేత కాగితం మీద రాయించి ఇచ్చాడు. కోటేశ్వరరావు మధ్యాహ్నం ఇక్కడే తిన్నాడు. ఈసారి నేను వడ్డించాను. పప్పులో ఉప్పు లేదు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

నువ్వడిగిన దానికి వారం ఆలోచించి జవాబు రాస్తున్నాను. ఇంత చదివినవాణ్ణి, అరగంటలో తేల్చగలననుకున్నాను.

మీ అమ్మమ్మ సత్యవతికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. కడుపులో మీ అమ్మ. మంచం మీద అత్తగారు. మొగుడు చూస్తే పటంలో కూడా చెయ్యి చాచి వెతుక్కోవలసిన ఊరికి వెళ్తానంటున్నాడు, పైగా రాత్రింబగళ్లు ఆ ఊరి భాషే మాట్లాడుకుంటున్నాడు. భయపడింది. భయపడి తమ్ముణ్ణి అడిగింది. నన్నెందుకు అడగలేదంటావా? నన్నడిగేలా నేనెప్పుడున్నాను?

ఆ తర్వాత నలభై మూడేళ్లు ఆవిడ ముందే వాణ్ణి తిట్టాను. అన్నం దగ్గర తిట్టాను. పుట్టింటికి వెళ్తానంటే తిట్టాను. రాఖీ నాడు, భగినీహస్త భోజనం నాడు గుర్తుపెట్టుకుని మరీ తిట్టాను. వింటూ మజ్జిగ పోసేది. ప్రతి తిట్టూ తనదేనని తెలిసి పోసేది. ఆఖరి నెలలో ఆసుపత్రిలో ఏదో చెప్పాలని నా చెయ్యి పట్టుకుంటే, వాడు చూడ్డానికి రావడానికి ఒప్పుకోమంటోందనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పటికే చెవులు మందగించాయి నాకు. ఏం చెప్పబోయిందో ఇక తెలియదు.

ఒక్కమాట, ఎవరైనా ఒక్కమాట, 1976లో కాకపోతే 77లో, 87లో చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణి? వారం రోజులు అలిగేవాణ్ణి. గిన్నె విసిరేవాణ్ణేమో. ఆ తర్వాత మీ అమ్మమ్మతో మామూలు మనిషిలా బతికేవాణ్ణి. మాస్కో చేజారిపోయినందుకు నాకిప్పుడు అంత బాధ లేదు, అక్కడికి వెళ్లినవాళ్లూ చలికి దగ్గి, పెన్షన్ తీసుకుని వచ్చారు. పోయింది ఆవిడతో బతకవలసిన బతుకు. అక్క తల మీద చెయ్యి పెట్టాను కదా అని నోరు మూసుకుని, రెడ్డిగూడెంలో కూర్చుని, ఇక్కడ ఏం జరుగుతోందో తెలిసీ ఊరుకున్న మనిషి ఒకడున్నాడు. నాకిచ్చిన మాట తప్పాడు, దాన్ని ఈ వేసవిలో క్షమించేశాను. ఆవిడకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడే, అది మాత్రం నావల్ల కావడం లేదు.

కాబట్టి మీ అమ్మమ్మ మీద కోపం లేదు. అడిగావు గనక పేరు పెట్టి రాస్తున్నాను, ప్రమీలారాణి దీన్ని కూడా రెండు కాపీలు తీసి ఒకటి వాడికివ్వవచ్చు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది కోటేశ్వరరావుని.